కదిలే కాలికే బలం
మలివయసులో కీళ్ళు, ఎముకల సంరక్షణ

యాభై దాటినవారు నలుగురు ఒకచోట కూర్చుంటే మాట మోకాళ్ళ మీదికి వెళ్ళకుండా ఉండదు. "మోకాళ్ళు అరిగిపోయాయి", "గుజ్జు అయిపోయింది", "ఎక్స్‌రే చూసి అరుగుదల అన్నారు" అని తలా ఒక మాట చెబుతారు. ఆ మాట ఇంటికి చేరగానే పిల్లలు ప్రేమతో ఇంకో మాట అంటారు: "నువ్వు కదలకు అమ్మీ, కూర్చో. పనులన్నీ మేం చూసుకుంటాం."

ఈ రెండు మాటల గురించే ఈ వ్యాసం. మొదటిది సగమే నిజం. రెండోది ఎంత ప్రేమతో చెప్పినా, చాలామంది పెద్దలను మంచం దాకా తీసుకుపోతున్న సలహా.

మేము వైద్యులం కాము, ఉపాధ్యాయులం. వైద్యులు, పోషకాహార శాస్త్రవేత్తలు తేల్చి చెప్పిన విషయాలను తరగతి గదిలో పాఠం విప్పి చెప్పినట్లు ఇక్కడ చెబుతున్నాం. దాతలు చదివే ఈ సంచికలో ఈ విషయం ఎందుకని అనుకోవచ్చు. ఆపరేషనుకు సాయం, వీల్‌చైరు, వాకరు, నెలనెలా మందులు అంటూ మన వంటి సంస్థల తలుపు తట్టే కుటుంబాల కష్టంలో కొంత, ముందుగా జాగ్రత్తపడితే రాకుండా ఆగేది. ఆ జాగ్రత్తకు అయ్యే ఖర్చు బహు తక్కువ. అందుకే ఇది దాతలు తెలుసుకోవలసిన విషయం.

అరుగుదల అంటే ఏమిటి?

సైకిలు చైను తిరిగిన కొద్దీ అరుగుతుంది. బండి బేరింగు, చెప్పు అడుగు కూడా అంతే. "అరుగుదల" అనే మాట వినగానే మన మనసు మోకాలిని కూడా వాటి పక్కనే చేరుస్తుంది. ఇంక నడిస్తే ఇంకా అరుగుతుంది కాబట్టి నడక తగ్గిద్దాం అనుకుంటాం.

అయితే చైనుకు ప్రాణం లేదు, మోకాలికి ఉంది. ఎముకల చివర్లను కప్పుతూ నునుపైన, మెత్తని పొర ఒకటి ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని మృదులాస్థి అంటారు, వాడుకలో గుజ్జు అంటున్నాం. ఈ పొరలో రక్తనాళాలు లేవు. మరి దానికి ఆహారం ఎలా అందుతుంది? కీలులో ఉండే జిగట ద్రవం నుంచే ఎక్కువగా అందుతుంది. అడుగు వేసినప్పుడు పొర నొక్కుకుంటుంది, కాలు ఎత్తినప్పుడు వదులవుతుంది. స్పాంజిని పిండి వదిలితే నీళ్ళు పీల్చుకున్నట్లు, ఈ నొక్కుడు, వదులుడుతోనే అది పోషణ తీసుకుంటుంది. కాలు కదలకపోతే ఆ పొర పస్తు ఉన్నట్లే.

ఇంకో సంగతి. మోకాలి మీద పడే బరువును మొదట మోసేది తొడ ముందు భాగపు కండరం. ఆ కండరం గట్టిగా ఉంటే అడుగు వేసినప్పుడు వచ్చే అదురును అది పట్టుకుంటుంది. కొన్ని వారాలు కూర్చుండిపోతే మొదట సన్నబడేది ఆ కండరమే. అప్పుడు అదురంతా కీలు మీద పడి నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగిందని ఇంకా కూర్చుంటాం, కండరం ఇంకా సన్నబడుతుంది. పెద్దలు మంచం పట్టే దారి చాలాసార్లు ఇదే. ఈ చక్రాన్ని ఆపగలిగేది మెల్లగా, క్రమంగా చేసే వ్యాయామం. మోకాళ్ళ నొప్పికి ప్రపంచమంతటా వైద్య మార్గదర్శకాలు మొదటి చికిత్సగా చెప్పేవి కూడా వ్యాయామం, బరువు తగ్గడమే. మాత్రలు, ఇంజెక్షన్లు, ఆపరేషను ఆ తర్వాత వచ్చేవి.

రెండు జబ్బులు, ఒక పొరపాటు

మనవాళ్ళు "ఎముకలు అరిగాయి" అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు జబ్బులను కలిపేస్తుంటారు.

ఒకటి ఆస్టియో ఆర్థరైటిస్. ఇది కీలు జబ్బు. మోకాలు, తుంటి, చేతివేళ్ళ కణుపులు, మెడ, నడుము దగ్గర వస్తుంది. పొద్దున లేవగానే కాసేపు పట్టేసినట్లుండి, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. మెట్లు దిగేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు బాధ తెలుస్తుంది. వయసు, అధిక బరువు, పాత దెబ్బలు, వంశం, ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చుని చేసే పనులు దీనికి కారణాలు. మగవారికంటే ఆడవారిలో ఎక్కువ.

రెండోది ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారడం. బయటికి ఎముక అలాగే కనిపిస్తుంది, లోపల చెదలు తిన్న దూలంలా పలచబడుతుంది. దీనికి నొప్పి ఉండదు, ఎక్స్‌రేలో కూడా చాలా ముదిరితేగాని కనబడదు. స్నానాల గదిలో జారితే మణికట్టు విరుగుతుంది, గడప తట్టుకుంటే తుంటి విరుగుతుంది, నీళ్ళ బిందె ఎత్తితే వెన్నుపూస నలుగుతుంది. ఆ రోజు దాకా జబ్బు ఉన్నట్లే తెలియదు. కొందరు పెద్దలు ఏడాదికేడాది పొట్టిగా అవుతూ, నడుము వంగిపోతూ ఉంటారు. అది వయసు లక్షణం అని వదిలేస్తాం. చాలాసార్లు అది తెలియకుండా నలిగిన వెన్నుపూసల లక్షణం.

జబ్బులు వేరైనా రెంటికీ కదలికే అండ. ఎముక కూడా ప్రాణమున్న కణజాలమే. పాత ఎముక కరుగుతూ కొత్తది పేరుకుంటూ ఉంటుంది. మీద బరువు పడుతుంటేనే పేరుకోవడం సాగుతుంది. దీనికి అంతరిక్ష యాత్రికులే గొప్ప రుజువు. భారం తెలియని చోట నెలల తరబడి ఉన్న ఆరోగ్యవంతులకు తుంటి దగ్గర ఎముక సాంద్రత నెలకు దాదాపు 1 నుంచి 1.5 శాతం తగ్గుతుందని శాస్త్రవేత్తలు కొలిచారు. అందుకే వాళ్ళు అక్కడ రోజూ గంటల కొద్దీ వ్యాయామం చేస్తారు. మంచానికి పరిమితమైన పెద్దవారి ఎముకకూ భారం అందదు, ఆ ఎముకా అలాగే పలచబడుతుంది.

మన తెలుగు నేల లెక్కలు

ఇవి డబ్బున్నవాళ్ళ జబ్బులు, పట్నం జబ్బులు అనే అభిప్రాయం ఒకటి ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఆ అభిప్రాయాన్ని తప్పని చూపింది. డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు 30 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసున్న 289 మంది పేద మహిళల ఎముకలను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. తుంటి ఎముక మెడ దగ్గర చూస్తే నూటికి 29 మందికి ఎముక గుల్లబారి ఉంది. ఇంకో 52 మందికి ఆ దారిలో మొదటి మెట్టు కనబడింది. వాళ్ళ తిండిలో రోజుకు అందుతున్న కాల్షియం సగటున 270 మిల్లీగ్రాములు. అదే సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దలకు రోజుకు కావలసింది 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1200. అంటే అందుతున్నది పావు వంతుకు కాస్త అటూ ఇటూ.

రెండో పరిశోధన తిరుపతిది. శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం పట్నవాసులనూ, చుట్టుపక్కల పల్లెవాసులనూ పోల్చి చూసి 2007లో ప్రచురించింది. ఎండలో పనిచేసే పల్లెవారిలో డి విటమిన్ పట్నం వారికంటే మెరుగ్గా ఉంది. కాల్షియం మాత్రం పల్లెవారి తిండిలో ఇంకా తక్కువగా ఉంది. పట్నంలో ఎండ తక్కువ, పల్లెలో పాలు తక్కువ అని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మన నగరం, రేపల్లె, బాపట్ల, తెనాలి ప్రాంతం సగం పల్లె, సగం పట్నం. ఇంటిపట్టున ఉండే మన ఆడవాళ్ళకు ఈ రెండు లోట్లూ ఒకేసారి తగలవచ్చు.

మూడోది చాలామంది నోరు విప్పి మాట్లాడని సంగతి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు నూటికి సుమారు ముగ్గురుంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. దేశంలో ముందు వరుసలో ఉన్నాం. స్త్రీ ఎముకను కాపాడేది ఈస్ట్రోజన్ అనే హార్మోను. అండాశయాలు కూడా తీసేస్తే అది ఒక్కసారిగా ఆగిపోతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో ముట్లుడిగే దశ ముందుగానే వస్తుంది. ముట్లుడిగిన తర్వాత అయిదు నుంచి ఏడేళ్ళలో ఎముక సాంద్రత 20 శాతం దాకా తగ్గవచ్చు. యాభైలో మొదలుకావలసిన తరుగు ముప్పై అయిదులో మొదలైతే అరవై వచ్చేసరికి ఏం మిగులుతుంది? అందుకే గర్భసంచి ఆపరేషను సలహా వచ్చినప్పుడు ఇంకో వైద్యురాలి అభిప్రాయం కూడా తీసుకోవాలి. ఇప్పటికే చేయించుకున్నవారు తమ ఎముకల సంగతి వైద్యులతో మాట్లాడాలి.

పొలం పని, ఇంటి పని చాలవా?

"పొద్దస్తమానం వంగి నాట్లు వేసేవాళ్ళకు, మినుము పీకేవాళ్ళకు వ్యాయామం ఎందుకండీ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పొలం పనిలో ఎండ ఉంది, నడక ఉంది. అయితే ఆ పనిలో శరీరం గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటుంది. నడుము వంగే ఉంటుంది, మోకాలు ముడిచే ఉంటుంది. కొన్ని కండరాలు అలసిపోతాయి, కొన్నింటికి పనే ఉండదు. ఇంటి పని కూడా అంతే. అంట్లు తోమడం, రొట్టెలు చేయడం శ్రమే అయినా తొడ కండరాన్ని బలపరిచే శ్రమ కాదు. పైగా మన ప్రాంతంలో వయసు మీరిన మగవారు పని మానేశాక అరుగు మీద కూర్చోవడమే ఎక్కువ, ఆడవారు గడప దాటడం తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల నడక వంటి శ్రమ, రెండు రోజులు కండరాల కసరత్తు కావాలి. 65 దాటినవారికి వారానికి మూడు రోజులు నిలకడ తప్పకుండా చూసే కసరత్తు కూడా కావాలి.

ఇంట్లో చేసుకోదగిన కసరత్తులు

వీటికి ఏ సామానూ అక్కర్లేదు. గోడకు ఆనించిన గట్టి చెక్క కుర్చీ ఒకటి చాలు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, అది నేల మీద జారుతుంది.

ఒకటి, కాలు చాపడం. కుర్చీలో నిటారుగా కూర్చుని ఒక కాలు మోకాలి దగ్గర తిన్నగా చాపాలి. తొడ బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు. నడవలేనంత నొప్పి ఉన్నవారు కూడా దీనితో మొదలుపెట్టవచ్చు.

రెండు, కూర్చుని లేవడం. చేతులు ఆనించకుండా, వీలుకాకపోతే ఆనించి, కుర్చీలోంచి లేచి నిలబడాలి, మెల్లగా కూర్చోవాలి. ధబ్బున కూలబడకూడదు, దిగడంలోనే బలం ఉంది. అయిదుసార్లతో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో పదికి పెంచాలి. ఈ జాబితాలో ఒక్కటే ఎంచుకోమంటే మేము దీన్నే ఎంచుకుంటాం. మరుగుదొడ్డి నుంచి లేవాలన్నా, ఆటో ఎక్కాలన్నా ఈ బలమే కావాలి.

మూడు, మడమలు ఎత్తడం. కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, మెల్లగా దిగాలి. పదిసార్లు. పిక్కలకూ, చీలమండలకూ బలం వస్తుంది.

నాలుగు, నిలకడ. ఊచలు పట్టుకునే ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకు వేళ్ళు తగిలేలా పెట్టి పది అంకెలు నిలబడాలి. అలవాటయ్యాక చేతిని వదులు చేయాలి. ఇంకా బాగుపడ్డాక ఒంటికాలి మీద నిలబడాలి. ఎప్పుడూ పట్టు అందుబాటులో ఉండాలి, ఇంట్లో ఒకరు దగ్గర ఉండాలి.

అయిదు, నడక. పది నిమిషాలతో మొదలుపెట్టి ముప్పై దాకా, వారానికి అయిదు రోజులు. బయటికి వెళ్ళడానికి వీలుకాని ఆడవారికి డాబా ఉంది, పెరడు ఉంది, పొడుగాటి వసారా ఉంది. పాదానికి పట్టుండే చెప్పులు వేసుకోవాలి. హవాయి చెప్పులు నడకకు పనికిరావు.

మొదటి వారంలో కండరాలు కొంచెం నొస్తాయి, దానికి భయపడనక్కర్లేదు. కసరత్తు వల్ల కీలు నొప్పి పెరిగి రెండు గంటలు దాటినా తగ్గకపోతే, మరునాడు మానకుండా లెక్క తగ్గించాలి. ఫలితం కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చాలామంది మూడో వారంలో వదిలేస్తారు. మందు కోర్సు మధ్యలో ఆపినట్లే అది కూడా.

ఎముక గుల్లబారిందని ఇప్పటికే తేలినవారు నడుము బాగా వంచి కాలివేళ్ళు తాకడం, నడుము మెలితిప్పడం, వంగి బరువులెత్తడం చేయకూడదు. గుండె జబ్బు ఉన్నవారు, తరచుగా కళ్ళు తిరిగేవారు వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టాలి.

నమాజు, కుర్చీ

మసీదుల్లో చివరి వరుసల్లో కుర్చీలు పెరుగుతున్న సంగతి అందరూ చూస్తున్నదే. నిలబడలేనివారు, సజ్దా చేయలేనివారు కూర్చుని నమాజు చేసే సౌలభ్యం ధర్మంలో ఉంది. ఎవరికి ఎంత వరకు అనేది ఇమామ్ సాహెబ్‌ను అడిగి తెలుసుకోవలసిన విషయం. మేము శరీరం వైపు నుంచి ఒక్క లెక్క మాత్రం చెబుతాం. రోజుకు ఫర్జ్ నమాజులే పదిహేడు రకాతులు. అంటే పదిహేడుసార్లు నడుము వంచడం, ముప్పై నాలుగు సజ్దాలు, ఎన్నోసార్లు నేల మీద నుంచి లేవడం. ఇన్నేళ్ళూ తెలియకుండానే ఆ తొడలకు, తుంటికి, చీలమండలకు పని దొరికింది. కుర్చీకి మారిన రోజున ఆ పనంతా ఆగిపోతుంది. కాబట్టి కుర్చీకి మారినవారే పైన చెప్పిన కసరత్తులు తప్పనిసరిగా చేయాలి. నొప్పి వల్ల కొన్నాళ్ళు కుర్చీలో కూర్చున్న కొందరైనా తొడ బలం తిరిగొచ్చాక మళ్ళీ వరుసలో నిలబడగలుగుతారు.

బరువు, తిండి, ఎండ

అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద పడే భారం మన బరువుకు కొన్ని రెట్లు. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాలుగా సాగుతున్న పరిశీలనలో, పదేళ్ళలో అయిదు కిలోల దాకా తగ్గిన స్త్రీలకు మోకాళ్ళ జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం తగ్గిందని 1992లో తేలింది. అయిదు కిలోలు తగ్గడానికి పస్తులక్కర్లేదు. విందుల్లో బిర్యానీ రెండోసారి వడ్డించుకోకపోవడం, చాయ్‌లో చక్కెర, సాయంత్రం మిర్చి బజ్జీలు తగ్గించడం చాలా వరకు సరిపోతుంది.

ఇక కాల్షియం కూడిక చూద్దాం. గ్లాసుడు పాలు, అంటే 200 మిల్లీలీటర్లలో సుమారు 240 మిల్లీగ్రాములు. కప్పు పెరుగులో 180. యాభై గ్రాముల రాగి పిండితో చేసిన జావ లేదా రొట్టెలో 180. చెంచాడు నువ్వుల పొడిలో 120. గుప్పెడు మునగాకు పప్పులో వేస్తే 150. మొత్తం 870. పప్పులు, మిగతా ఆకుకూరలు కలిస్తే వెయ్యికి దగ్గరికి వస్తుంది. ఇవన్నీ మన సంతలో దొరికేవే. నిజాంపట్నం తీరం మనకు దగ్గర. నెత్తళ్ళు వంటి చిన్న చేపలను ముల్లుతో సహా నమిలి తినగలిగితే ఇంకా మంచిది. తెల్లన్నంలో కాల్షియం దాదాపు లేదనే చెప్పాలి. కండరానికి గుడ్డు, పప్పు, చేప కావాలి. మూత్రపిండాల జబ్బు, రాళ్ళు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి తినాలి. కాల్షియం మాత్రలు కూడా సొంతంగా కొని మింగేవి కావు.

తిన్న కాల్షియం ఒంటబట్టడానికి డి విటమిన్ కావాలి. అది ఎండ తగిలితే చర్మంలో తయారవుతుంది. తిరుపతి పరిశోధకుల పరిశీలనలో మన ప్రాంతపు ఎండలో అది బాగా తయారయ్యేది పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్య. లేత ఎండ హాయిగా ఉన్నా ఈ పనికి అంతగా చాలదు. వేసవిలో ఆ వేళ ఎండలో ఎక్కువసేపు ఉండడం ప్రమాదం. చలికాలంలో, మబ్బు లేని రోజుల్లో చేతులు, ముఖం, కాళ్ళకు కాసేపు తగిలేలా చూసుకోవచ్చు. పర్దా పాటించే ఆడవారికి చుట్టూ గోడ ఉన్న డాబా, పెరడు ఇందుకు వీలైన చోట్లు. ఎండ తగిలే వీలు లేనివారు వైద్యుల సలహాతో డి విటమిన్ మందు వాడాలి.

పడకుండా చూసుకోవడం

తుంటి ఎముక విరిగిన వృద్ధుల్లో సుమారు అయిదుగురిలో ఒకరు ఏడాది తిరిగేలోపు కన్నుమూస్తారని అనేక దేశాల అనుభవం. మిగిలినవారిలో చాలామంది మునుపటిలా నడవలేరు. కాబట్టి పడకుండా ఉండడం ఎముక గట్టిపడడం అంత ముఖ్యం.

న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు వృద్ధులకు ఇంట్లోనే చేసుకునే కాళ్ళ బలం, నిలకడ కసరత్తులు, నడక నేర్పి చూశారు. 1990లలో 80 దాటిన స్త్రీలతో మొదలైన ఆ పద్ధతి వల్ల పడిపోవడాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. దానికి పెద్ద యంత్రాలేవీ వాడలేదు. శిక్షణ పొందిన మనిషి ఇంటికి వచ్చి నేర్పి, అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్ళడమే.

ఇంట్లో చేయవలసినవి ఇవి. స్నానాల గదిలో గరుకు నేల లేదా రబ్బరు పట్టా, గోడకు పట్టుకునే కడ్డీ. రాత్రి మంచం నుంచి మరుగుదొడ్డి దాకా చిన్న లైటు. గడప దగ్గర చెప్పులు, నేల మీద తీగలు లేకుండా చూడడం. మోకాళ్ళ బాధ ఉన్నవారికి కమోడు. కంటి శుక్లాలకు ఆలస్యం చేయకుండా ఆపరేషను. నిద్రమాత్రలు, బి.పి. మాత్రలు వేసుకునేవారు మంచం మీద నుంచి లేవగానే నడవకుండా ఒక నిమిషం కూర్చుని లేవడం.

వైద్యుణ్ణి ఎప్పుడు చూడాలి?

కీలు వేడిగా, ఎర్రగా వాచి జ్వరం వచ్చినా, కాలు మీద బరువు మోపలేకపోయినా, చిన్న కుదుపుకే నడుములో విపరీతమైన నొప్పి వచ్చినా, వయసులో ఉన్నప్పటి కంటే నాలుగు సెంటీమీటర్ల ఎత్తు తగ్గినా ఆలస్యం చేయకూడదు. ఎముక సాంద్రతను నిర్ధారించేది డెక్సా స్కాన్. శిబిరాల్లో మడమ దగ్గర పెట్టి చూసే చిన్న యంత్రం సూచన మాత్రమే ఇస్తుంది. గుల్లబారిన ఎముకకు ఇప్పుడు మంచి మందులున్నాయి, వాటిని వైద్యుల పర్యవేక్షణలో వాడాలి.

ఒక హెచ్చరిక. ఒక్క సూదితో నొప్పులన్నీ మాయం చేస్తామనేవారి దగ్గర, పేరు లేని పొట్లాల మందుల దగ్గర జాగ్రత్త. అలాంటి వాటిలో స్టెరాయిడ్లు ఉంటే నొప్పి వెంటనే తగ్గుతుంది. నెలల తరబడి వాడితే ఎముక గుల్లబారుతుంది, చక్కెర పెరుగుతుంది. నొప్పి మాత్రలు కూడా రోజూ మింగితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు.

దాతలకు మనవి

ఎముక విరిగినవారికి మనం ఇచ్చే సాయం ఆగకూడదు. దానితో పాటు, విరగకముందు చేయదగిన నాలుగు పనులు మీ ముందు పెడుతున్నాం.

మొదటిది, మసీదుల వుజూ స్థలాల్లో, మెట్ల దగ్గర ఉక్కు కడ్డీలు, జారని నేల, మంచి వెలుతురు. రెండోది, నెలకొకసారి ఫిజియోథెరపిస్టును రప్పించి, మన వాళ్ళలోనే ఇద్దరు మహిళలకు, ఇద్దరు మగవారికి ఈ కసరత్తులు నేర్పించడం. ఆ నలుగురూ వీధివీధికి వెళ్ళి పెద్దలకు నేర్పుతారు, వారానికొకసారి పలకరిస్తారు. మూడోది, ఒంటరి వృద్ధుల ఇళ్ళకు స్నానాల గది కడ్డీ, రబ్బరు పట్టా. నాలుగోది మా బడికి సంబంధించినది. ఎముక బలం ముప్పై ఏళ్ళ లోపే చాలా వరకు కూడుకుంటుంది, తర్వాత ఆ నిల్వనే ఖర్చు పెట్టుకుంటాం. ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి మన ఆడపిల్లలు ఆట మానేస్తున్నారు. వారికి ప్రత్యేకంగా ఆడుకునే చోటు, తాడాట తాళ్ళు, షటిల్ బ్యాట్లు ఏర్పాటు చేస్తే అరవైలో వాళ్ళు పడిపోకుండా ఇప్పుడే కాపాడినట్లు. వీటికి లిల్లాహ్, సదఖా పద్దుల నుంచి ఇవ్వవచ్చు, జకాత్ విషయం ఆలిములను అడిగి నిర్ణయించవచ్చు. నాలుగూ కలిపినా పెద్ద మొత్తం కాదు.

ఇవ్వడానికి డబ్బు లేనివారు కూడా ఒక పని చేయవచ్చు. ఈ సంచిక ఇంటికి చేరిన రోజు సాయంత్రం దాదీమాను, నానాను గోడ పక్కన గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన నిలబడి, అయిదుసార్లు లేపి కూర్చోబెట్టండి. మరునాడు మళ్ళీ చేయించండి. "కదలకు" అనే మాట బదులు "పద, నేనూ వస్తాను" అని చెయ్యి అందించండి.